ఫుడ్ సేఫ్టీ సంస్థలంటే మనకు నమ్మకం ఎందుకు నిలవదు?

మెతుకు:

చాలా రోజులుగా అడగాలనుకుంటున్నాను. ఎక్కడో ఒక కంపెనీ తిండి తిని పిల్లలు ఆస్పత్రి పాలయ్యారని వార్త రాగానే అందరిదీ ఒకటే మాట, ప్రభుత్వం నిద్రపోతోందా, తనిఖీ చేసేవాళ్లు ఏమైపోయారు అని. నెల తిరక్కుండా అదే ప్రభుత్వం ఒక కొత్త లేబుల్ రూలో, ఏదో రంగు మీద నిషేధమో తెచ్చిందంటే మళ్లీ మనమే, ఇన్నాళ్లూ తిని బతకలేదా, చిన్న వ్యాపారి పొట్ట కొట్టడానికి కాకపోతే ఇదంతా దేనికి అంటాం. ఈ రెండు మాటలూ ఒకే మనిషి నోట చాలాసార్లు విన్నాను.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఇచ్చిన అంచనా ప్రకారం కలుషితమైన ఆహారం వల్ల ఏటా 60 కోట్ల మంది జబ్బు పడుతున్నారు, 4,20,000 మంది చనిపోతున్నారు, అందులో 1,25,000 మంది ఐదేళ్ల లోపు పిల్లలు. ఇంత పెద్ద విషయంలో మన అభిప్రాయం ఆ వారం వచ్చిన వార్తను బట్టి అటూ ఇటూ ఊగిపోతుంటే బాధగా ఉంటుంది. అందుకే అడుగుతున్నా. ఏ దేశమైనా సరే, ఆహార నియంత్రణ సంస్థ "ఇది తినొచ్చు, భయం లేదు" అంటే మీరు నమ్ముతారా? నమ్మకపోతే ఏం చేస్తే నమ్ముతారు?

స్వేచ్ఛాజీవి:

సూటిగా చెప్తా, నేను నమ్మను. వాళ్లకు జీతం ఇచ్చేది జనం, వాళ్లతో కూర్చుని మాట్లాడేది మాత్రం పెద్ద కంపెనీలు. ఏ దేశంలోనైనా డ్రాఫ్ట్ రూల్స్ మీద అభిప్రాయాలు చెప్పండి అని నోటీసు పెడితే పంపేది ఎవరు? కంపెనీల లాయర్లు. మామూలు మనిషికి ఆ నోటీసు వచ్చినట్టు కూడా తెలియదు.

చైనాలో 2008లో పాలపొడిలో మెలమైన్ అనే ప్లాస్టిక్ తయారీ రసాయనం కలిపిన సంగతి అందరికీ గుర్తుండే ఉంటుంది. దాదాపు 3 లక్షల మంది పసివాళ్లు జబ్బు పడ్డారు, అధికారిక లెక్క ప్రకారమే ఆరుగురు చనిపోయారు. అందులో ముందుగా బయటపడ్డ శాన్‌లూ కంపెనీకి, నాణ్యత బాగుందని చెప్పి, ప్రభుత్వమే తనిఖీల నుంచి మినహాయింపు ఇచ్చి ఉంది! కంచే చేను మేస్తే ఇక ఎవరికి చెప్పుకుంటాం? పైగా ఆ మినహాయింపును కంపెనీ ప్రచారానికి వాడుకోవచ్చు, అంటే ప్రభుత్వ ముద్ర లేకపోతే తల్లులు కాస్తయినా అనుమానించేవాళ్లేమో, ముద్ర ఉంది కాబట్టి కళ్లు మూసుకుని కొన్నారు.

అమెరికా సంగతి కూడా అంతే. కొత్తగా వాడే ఒక పదార్థం సురక్షితమేనని కంపెనీ తనే నిపుణుల్ని పెట్టుకుని తేల్చుకుని, అక్కడి ఆహార, మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏకి చెప్పకుండానే వాడుకునే దారి అక్కడి చట్టంలో దశాబ్దాలుగా ఉంది. ఇక సంస్థ ఉండి ఏం లాభం? నా మటుకు నాకు కంపెనీని భయపెట్టేవి రెండే, పేరు పోతుందన్న భయం, కోర్టులో నష్టపరిహారం కట్టాల్సి వస్తుందన్న భయం. ఆ రెండూ గట్టిగా ఉంటే చాలు.

పాతకాగితం:

స్వేచ్ఛాజీవి గారూ, పేరు పోతుందన్న భయం మీదే వదిలేసిన కాలం ఒకటి ఉంది, దాని రికార్డు కూడా ఉంది. ఇంగ్లండ్‌లో బ్రాడ్‌ఫర్డ్ అనే ఊళ్లో 1858లో మిఠాయిలు తిని దాదాపు 20 మంది చనిపోయారు, 200 మందికి పైగా జబ్బు పడ్డారు. ఏం జరిగిందంటే, అప్పట్లో చక్కెర ఖరీదు కాబట్టి మిఠాయిల్లో జిప్సమ్ లాంటి తెల్లపొడి కలపడం మామూలు. అది కొనుక్కురమ్మని పంపితే మందుల దుకాణంలో పనిచేసే కుర్రాడు పొరపాటున పక్క పీపాలోని ఆర్సెనిక్ అనే విషం తూచి ఇచ్చాడు. కేసు పెట్టారు, ఎవరికీ శిక్ష పడలేదు. ఎందుకంటే మిఠాయిలో పొడి కలపడం నేరమని చెప్పే చట్టమే లేదు.

అంతకుముందు 1850లలోనే ఆర్థర్ హిల్ హాసల్ అనే డాక్టర్ మైక్రోస్కోప్ కింద పెట్టి కాఫీలో ఏముంది, రొట్టెలో ఏముంది అని దుకాణాల పేర్లతో సహా ఒక వైద్య పత్రికలో అచ్చు వేయించాడు. పేర్లు బయటపడ్డాయి కదా, మరి కల్తీ ఆగిందా? లేదు. 1860లో చట్టం తెచ్చారు గానీ పరీక్షలు చేసే అనలిస్టుని పెట్టుకోవాలా వద్దా అన్నది స్థానిక సంస్థల ఇష్టానికి వదిలేశారు, దాంతో చాలా చోట్ల పెట్టుకోలేదు. 1875లో మళ్లీ గట్టి చట్టం రాసుకోవాల్సి వచ్చింది.

కోర్టు కేసు అన్నారు. జబ్బు వచ్చింది ఫలానా తిండి వల్లే అని నిరూపించాల్సింది బాధితుడు. తిన్నది ఎప్పుడో అరిగిపోయింది, ప్యాకెట్ పారేశాం, జబ్బు వారం తర్వాత వచ్చింది. ఏమని నిరూపిస్తాడు ఆ మనిషి?

పిపెట్:

నేను ఆహార పరీక్షల ల్యాబ్‌లో పనిచేస్తాను కాబట్టి మెలమైన్ విషయం కొంచెం విడమరిచి చెప్పాలనిపిస్తోంది, ఎందుకంటే అందులో ఇద్దరి వాదనకీ సమాధానం ఉంది.

పాలల్లో నీళ్లు కలిపితే ప్రోటీన్ పడిపోతుంది. ప్రోటీన్ ఎంత ఉందో చూడటానికి మామూలుగా చేసే పరీక్ష ప్రోటీన్‌ని నేరుగా కొలవదు, నైట్రోజన్‌ని కొలిచి దాన్నుంచి లెక్క కడుతుంది. మెలమైన్‌లో బరువు ప్రకారం మూడింట రెండు వంతులు నైట్రోజనే. చిటికెడు కలిపితే చాలు, నీళ్ల పాలు కూడా చిక్కటి పాల లెక్కలో పాసైపోతాయి. అంటే కల్తీ చేసినవాడికి పరీక్ష ఎలా చేస్తారో తెలుసు, పరీక్షను మోసం చేసేలాగే కలిపాడు. దీన్ని మార్కెట్ ఎలా పట్టుకుంటుంది చెప్పండి? కొనేవాళ్లకు రుచిలో తెలియదు, రంగులో తెలియదు. పసివాళ్ల కిడ్నీల్లో రాళ్లు ఏర్పడితే గానీ బయటపడలేదు.

ఇంకో సంగతి. శాన్‌లూ కంపెనీలో వాటా ఉన్న న్యూజిలాండ్ పాల సంస్థ ఫోంటెర్రాకి ఆగస్టు మొదట్లోనే విషయం తెలిసింది. అదే నెల బీజింగ్‌లో ఒలింపిక్స్. జనానికి తెలిసింది సెప్టెంబర్‌లో, అదీ న్యూజిలాండ్ ప్రభుత్వం నేరుగా బీజింగ్‌తో మాట్లాడాక. మధ్యలో ఎన్ని సీసాల పాలు పట్టి ఉంటారో ఆలోచించండి. కాబట్టి నియంత్రణ ఉంటే చాలదు, తెలిసిన విషయం దాచే అవకాశం దానికి ఉండకూడదు. 2009లో చైనా కొత్త ఆహార భద్రత చట్టం తెచ్చుకుంది, దోషుల్లో ఇద్దరికి మరణశిక్ష కూడా అమలు చేసింది, అయినా 2013లో హాంకాంగ్ నుంచి మనిషికి రెండు డబ్బాలకు మించి పాలపొడి బయటికి తీసుకెళ్లకూడదని అక్కడి ప్రభుత్వం రూల్ పెట్టాల్సి వచ్చింది, సరిహద్దు అవతలి నుంచి తల్లిదండ్రులు అంతగా వచ్చి కొనుక్కుపోతున్నారు. చట్టం వచ్చిన నాలుగేళ్లకు కూడా జనం మనసు కుదుటపడలేదు.

రొట్టెలబట్టీ:

నేను చిన్న బేకరీ నడుపుతాను, పనివాళ్లు ఐదుగురు. నియంత్రణ వద్దని నేననను. ఎవడో ఒకడు పాచిపోయిన క్రీమ్ వాడితే ఆ దెబ్బ మా అందరికీ తగులుతుంది, కాబట్టి వాణ్ణి పట్టుకోవడం నాకూ కావాలి. కానీ రూల్స్ రాసేవాళ్లు ఎవర్ని ఊహించుకుని రాస్తారో తెలుసా, వెయ్యి మంది పనిచేసే ఫ్యాక్టరీని. హాసప్ అని ఒక పద్ధతి ఉంది, ప్రమాదం ఎక్కడ రావచ్చో ముందే గుర్తించి అక్కడ కాపలా కాయడం. చాలా మంచి పద్ధతి, 1960లలో అమెరికాలో వ్యోమగాములకు పంపే తిండి కోసం పిల్స్‌బరీ కంపెనీ, నాసా, ఆర్మీ ల్యాబ్ కలిసి తయారుచేశారు. అంతరిక్షంలో విరేచనాలు పట్టుకుంటే ఆస్పత్రి లేదు కాబట్టి అంత పకడ్బందీగా చేశారు. అదే ఫైలు నన్నూ రాయమంటే, పిండి కలిపే చేత్తోనే రాత్రి పదకొండింటికి కూర్చుని ఫారాలు నింపుతాను. పెద్ద కంపెనీకి ఆ పని చేయడానికి ఒక డిపార్ట్‌మెంటే ఉంటుంది.

ఇంకా బాధ కలిగించే విషయం, వచ్చే ఆఫీసరు గోడ మీద ఏ కాగితం అంటించలేదో చూస్తాడు గానీ ఫ్రిజ్ తలుపు తీసి చూడడు. రిజిస్టర్ చక్కగా ఉంటే బాగున్నట్టే. నాకు నిజంగా ఉపయోగపడేది ఎవరైనా వచ్చి "ఈ పచ్చి గుడ్లు పెట్టే చోటు మార్చు, కింద అరలో పెట్టు, పై నుంచి కారితే కేకుల మీద పడుతుంది" అని చెప్పడం. అలా చెప్పినవాళ్లు ఒకరిద్దరే.

రెండోషిఫ్ట్:

బట్టీ అన్నా, నువ్వు చెప్పిన కాగితాల గోల పెద్ద ఫ్యాక్టరీల్లో ఇంకా ఘోరం. నేను ఒక ప్యాక్డ్ ఫుడ్ ప్లాంట్‌లో క్వాలిటీ విభాగంలో చేశాను, పేరు చెప్పను. కోల్డ్ రూమ్ తలుపు పక్కన గోడకు క్లిప్ బోర్డు వేలాడుతూ ఉండేది, గంటకోసారి లోపలి టెంపరేచర్ చూసి అందులో రాయాలి. ఒక రాత్రి షిఫ్ట్‌లో వెళ్లి చూస్తే తెల్లవారి ఆరింటి దాకా గడులన్నీ నిండిపోయి ఉన్నాయి. అన్నింట్లోనూ 4 డిగ్రీలే, ఒకే పెన్ను, ఒకే చేతిరాత, ప్రతి గడి పక్కన సంతకం. టైమ్ అప్పటికి రెండు కూడా కాలేదు. లోపలికి వెళ్లి మీటర్ చూస్తే 9 చూపిస్తోంది, తలుపు రబ్బరు ఊడిపోయి సందులోంచి చలిగాలి బయటికి కొడుతోంది. సూపర్‌వైజర్‌ని అడిగితే ఆడిట్‌కి కావాల్సింది షీటే కదా అన్నాడు.

ఆ రాసినవాడు చెడ్డవాడు కాదు, ఒక్కడే మూడు మెషిన్లు చూసుకోవాలి. తప్పు అక్కడ మొదలైంది. తనిఖీ ఎప్పుడొస్తుందో రెండు రోజుల ముందే తెలిసిపోయేది, ఆ రెండు రోజులూ నేల అద్దంలా మెరిసేది.

కానీ నియంత్రణ అంటే ఇదేనని మాత్రం అనుకోకండి. అదే రంగంలో, పాలు కాచే ప్లాంట్‌లో చూడండి. 72 డిగ్రీల దగ్గర 15 సెకన్లు ఉండాలి. వేడి ఆ అంకె కంటే తగ్గిందా, వాల్వు తనంతట తనే తిరిగి ఆ పాలను వెనక్కి పంపేస్తుంది, ప్యాకింగ్ వైపు వెళ్లనివ్వదు. ఆ సెట్టింగ్ ఎవరూ మార్చకుండా సీలు వేసి ఉంచే పద్ధతి చాలా చోట్ల ఉంది. అక్కడ ఎవడు అలిసిపోయినా, ఎవడు అబద్ధం రాసినా పచ్చిపాలు ముందుకు పోవు. ఇలాంటి రూల్ నేను కళ్లు మూసుకుని నమ్ముతా. మనిషి సంతకం మీద నడిచే రూల్‌ని నమ్మను.

జాగ్రత్త_అమ్మ:

మీరంతా పెద్ద పెద్ద ఘటనల గురించి మాట్లాడుతున్నారు, నేను రోజూ జరిగేది చెప్తాను. మా బాబుకి వేరుశనగ, నువ్వులు రెండూ పడవు. పడవు అంటే ఒంటి మీద దద్దుర్లు వచ్చి పోయేంత కాదు, గొంతు మూసుకుపోతుంది. షాపులో ప్రతి ప్యాకెట్ వెనక ఆ చిన్న అక్షరాలు ఫోన్ లైటు వేసుకుని చదువుతాను, చదవడం అయ్యేదాకా బాబు నా చెయ్యి పట్టుకుని తినొచ్చా అమ్మా అని అడుగుతూ ఉంటాడు. నమ్ముతారా అని మెతుకు గారు అడిగారు. నాకు నమ్మకుండా ఉండే వీలు లేదండి. ఆ లేబుల్ అబద్ధమైతే నా బిడ్డ ఉండడు.

2016లో బ్రిటన్‌కు చెందిన 15 ఏళ్ల అమ్మాయి షాపులో కొన్న బ్రెడ్డు తిని, అందులో నువ్వులున్నాయని తెలియక చనిపోయింది. షాపులోనే చేసి ప్యాక్ చేసిన వాటికి పూర్తి లేబుల్ అక్కర్లేదని అప్పటి రూల్. ఆ తల్లిదండ్రులు పోరాడితే 2021 అక్టోబర్‌లో రూల్ మారింది. ఐదేళ్లు పట్టింది. అందుకే "ఇన్ని లేబుల్ రూల్స్ దేనికి, కాగితం దండగ" అని ఎవరైనా అంటే నాకు కోపం ఆగదు. ప్రతి రూల్ వెనకా ఇలాంటి ఒక ఇల్లు ఉంటుంది.

స్వేచ్ఛాజీవి:

అమ్మ గారూ, మీ బాధ కాదనే ధైర్యం నాకు లేదు. కానీ ఒకటి అడుగుతాను, నువ్వుల విషయంలోనే అమెరికాలో ఏం జరిగిందో చూశారా? 2023 జనవరి నుంచి నువ్వుల్ని కూడా ముఖ్యమైన అలర్జీ పదార్థాల జాబితాలో కలిపారు. వేరే లైన్‌లోంచి నువ్వులు పొరపాటున కూడా పడకుండా శుభ్రం చేసుకోవడం కష్టమని కొన్ని బ్రెడ్ కంపెనీలు కావాలనే కాస్త నువ్వుల పిండి కలిపి, నువ్వులున్నాయి అని లేబుల్ మీద రాసేశాయి. అప్పటిదాకా తినగలిగిన పిల్లలకు ఆ బ్రెడ్ కూడా లేకుండా పోయింది. రూల్ మంచిదే, ఫలితం తిరగబడింది. రూల్స్ రాసేవాళ్లకు ఈ మాత్రం ముందుచూపు ఉండదా అన్నదే నా గొడవ.

జాగ్రత్త_అమ్మ:

తెలుసండి, అలర్జీ పిల్లల తల్లుల గ్రూపులన్నీ ఆ రోజుల్లో అట్టుడికిపోయాయి. కానీ ఆ కోపం రూల్ మీద కాదు, దాని సందులోంచి దూరిన కంపెనీల మీద. నేనడిగేది ఆ సందు మూయమని, రూల్ తీసేయమని కాదు. ఇంకోటి కూడా చెప్పాలి, "ఉండవచ్చు" అనే మాట. వేరుశనగ ఉండవచ్చు, పాలు ఉండవచ్చు, గుడ్డు ఉండవచ్చు అని తమ మీదకు రాకుండా అన్నింటి మీదా అచ్చేస్తున్నారు. నిజంగా ప్రమాదం ఉన్నదేదో, ఊరికే రాసిందేదో తెలియక కొందరు ఆ మాటను పట్టించుకోవడమే మానేస్తున్నారు. అది ఇంకా భయం.

రొట్టెలబట్టీ:

అమ్మా, మీ మాట చదివాక ఒకటి చెప్పాలనిపించింది. నా బేకరీలో రోజూ ఏ మిక్సర్‌లో ఏది ముందు కలపాలో ఒక వరస ఉంది, నువ్వులవి ఎప్పుడూ చివర, ఆ తర్వాత మిక్సర్ విప్పి కడగడం. ఈ పద్ధతి ఏ ఫారమ్‌లోనూ అడగరు. ఇది అడిగితే నేను సంతోషంగా రాసిస్తాను.

నాగలి:

రైతు వైపు నుంచి ఒక మాట. ప్రభుత్వం త్వరగా చెప్పాలి, దాచకూడదు అని పిపెట్ గారన్నారు, నిజమే, కానీ తొందరపడి తప్పు చెబితే మా సంగతేంటి? 2011లో జర్మనీలో ఈ.కోలై అనే క్రిమి ప్రబలింది, 3,800 మందికి పైగా జబ్బు పడ్డారు, 50 మందికి పైగా చనిపోయారు. మొదట్లో హాంబర్గ్ అధికారులు స్పెయిన్ దోసకాయలు కారణమన్నారు. అంతే, స్పెయిన్ కూరగాయలు ఎవరూ కొనలేదు, రైతులు కోసిన పంట కోసినట్టే పారబోశారు. తీరా తేలిందేంటి, దోసకాయలు కానే కావు, మెంతి గింజల మొలకలు, ఆ గింజలు ఈజిప్టు నుంచి వచ్చాయి. యూరప్ వాళ్లు కూరగాయల రైతులకు 20 కోట్ల యూరోలకు పైగా పరిహారం ఇచ్చారు. అది అంత పెద్ద యూనియన్ కాబట్టి ఇచ్చింది. వేరే చోట అయితే ఆ రైతు మట్టి కొట్టుకుపోయేవాడే.

మేం పంట పండిస్తాం, మందుల అవశేషాల పరీక్ష మా దాకా వస్తుంది, ఫెయిలైతే సరుకు మాదే తగలబడుతుంది. కానీ ఏ మందు ఎన్ని రోజుల ముందు ఆపాలో పొలంలోకి వచ్చి చెప్పేవాళ్లు తక్కువ. మందు అమ్మేవాడే మాకు సలహాదారు. ఇక ఎలా ఉంటుందో మీరే చెప్పండి.

పిపెట్:

నాగలి గారూ, మీ ప్రశ్న న్యాయమైనది, తేలిక సమాధానం లేదు. హాంబర్గ్‌లో దోసకాయల మీద ఈ.కోలై దొరికిన మాట నిజమే, కానీ రోగుల్లో ఉన్న రకం అది కాదు. "ఇవి అనుమానం మీద చెప్తున్నాం, ఇంకా తేలలేదు, ఫలానా పరీక్ష ఫలితం రావాలి" అని చెప్పడం వేరు, ఒక దేశం పేరు పెట్టి ఇదే కారణం అన్నట్టు వినిపించేలా చెప్పడం వేరు. మొదటిది చెప్పడం నేర్చుకోని సంస్థ, అటు దాచిపెట్టీ ఇటు తొందరపడీ రెండు రకాలుగా నష్టం చేస్తుంది.

అలాగే జనం వైపు కూడా ఒక చిక్కు ఉంది. ల్యాబ్‌కి వచ్చే ఫోన్లలో ఎక్కువ భాగం రంగుల గురించి, ప్రిజర్వేటివ్‌ల గురించి, ప్లాస్టిక్ గురించి. సాల్మొనెల్లా లాంటి క్రిముల గురించి అడిగేవాళ్లు అరుదు. మనుషుల్ని ఎక్కువగా మంచం పట్టించేవి సూక్ష్మక్రిములే, కానీ రసాయనం పేరు పలకడానికి కష్టంగా ఉంటే భయం ఎక్కువ. 2023 జూలైలో అస్పర్టేమ్ అనే, చక్కెర బదులు వాడే తీపి పదార్థం విషయం గుర్తుందా? ఒకే రోజు రెండు ప్రకటనలు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ "క్యాన్సర్ కారకం అయ్యే అవకాశం ఉంది" అనే కోవలో పెట్టింది, ఆహార సంకలితాల నిపుణుల కమిటీ మాత్రం రోజుకు కిలో శరీర బరువుకు 40 మిల్లీగ్రాముల పాత పరిమితినే ఉంచింది. మొదటివాళ్లు చూసేది ఆ పదార్థానికి హాని చేసే గుణం ఉండొచ్చా అని, రెండోవాళ్లు చూసేది మనం తినే మోతాదులో ఆ హాని జరుగుతుందా అని. రెండూ సరైన ప్రశ్నలే. జనానికి చేరింది మాత్రం "క్యాన్సర్" అనే ఒక్క మాట. ముందు ఒకరితో ఒకరు మాట్లాడుకుని, ఇద్దరూ చెప్పేది కలిపి నాలుగు మాటల్లో అర్థమయ్యేలా చెప్పే బాధ్యత ఎవరిది? నా ఉద్దేశంలో అది కూడా ల్యాబ్ పని అంత ముఖ్యమైన పనే, దానికి మాత్రం డబ్బు పెట్టరు.

పాతకాగితం:

ధైర్యం చెప్పడం వల్ల ఎంత నష్టం జరుగుతుందో బ్రిటన్ అనుభవంలో ఉంది. పశువుల మెదడును దెబ్బతీసే పిచ్చి ఆవు జబ్బు రోజులవి. 1990లో అక్కడి వ్యవసాయ మంత్రి జాన్ గమ్మర్ టీవీ కెమెరాల ముందు తన నాలుగేళ్ల కూతురికి బర్గర్ అందించాడు, గొడ్డు మాంసానికి భయం లేదని చూపించడానికి. 1996 మార్చిలో అదే పార్టీ ప్రభుత్వం పార్లమెంటులో లేచి, ఆ జబ్బుకూ మనుషుల్లో కొత్తగా కనిపిస్తున్న మెదడు వ్యాధికీ సంబంధం ఉండే అవకాశం ఉందని చెప్పాల్సి వచ్చింది. బ్రిటన్‌లో ఆ వ్యాధితో 170 మందికి పైగా చనిపోయారు.

తర్వాత లార్డ్ ఫిలిప్స్ విచారణ నివేదిక 2000లో వచ్చింది. అందులో ప్రభుత్వం జనానికి అబద్ధం చెప్పలేదనే తేల్చారు. ప్రమాదం చాలా తక్కువని వాళ్లూ నమ్మారు. కానీ జనం కంగారు పడతారేమోనన్న ఆదుర్దాతో అతిగా ధైర్యం చెబుతూ పోయారు, నిజం బయటపడేసరికి జనం తమను మోసం చేశారనే అనుకున్నారు. నాకు ఈ నివేదికలో అన్నిటికంటే బలంగా తగిలింది ఇదే, అబద్ధం ఆడకుండానే నమ్మకం పూర్తిగా పోగొట్టుకోవచ్చు.

ఆ తర్వాత వాళ్లు చేసింది కూడా చెప్పాలి. అప్పటిదాకా పశువుల రైతుల లాభం చూసేదీ, తినేవాళ్ల ఆరోగ్యం చూసేదీ ఒకే మంత్రిత్వ శాఖ. 2000లో ఆ రెండో పనిని విడదీసి ఫుడ్ స్టాండర్డ్స్ ఏజెన్సీ పెట్టారు, దాని బోర్డు సమావేశాలు జనం ముందే జరుగుతాయి, ఎవరైనా చూడొచ్చు. యూరోపియన్ యూనియన్ మొత్తానికి 2002లో ఇఎఫ్ఎస్ఏ అనే ఆహార భద్రత సంస్థ వచ్చింది, అక్కడ ప్రమాదం ఎంతో అంచనా వేసేవాళ్లు వేరు, దాన్ని బట్టి చట్టం చేసేవాళ్లు వేరు. స్వేచ్ఛాజీవి గారు చెప్పిన కంపెనీల పెత్తనం జబ్బుకి ఇదొక మందు. మొత్తం నయం చేస్తుందని నేననను.

మెతుకు:

ఇదంతా చదువుతుంటే నాకు ఇంకో అనుమానం వస్తోంది. మనం ఎప్పుడూ విఫలమైన సంగతులే చెప్పుకుంటున్నాం. సరిగ్గా పనిచేసిన ఉదాహరణ ఒక్కటైనా ఉందా, అదీ డబ్బున్న దేశంలో కాకుండా?

పిపెట్:

ఉంది, బంగ్లాదేశ్ పసుపు. పసుపు కొమ్ములకు మెరుపు రంగు రావడానికి లెడ్ క్రోమేట్ అనే సీసం రంగు పూసి పాలిష్ పట్టేవాళ్లు. గర్భిణుల రక్తంలో సీసం ఎక్కువగా ఉంటే ఎక్కణ్ణుంచి వస్తోందో వెతుక్కుంటూ పోయిన పరిశోధకులు పసుపు దగ్గర తేలారు. 2019లో మార్కెట్ నమూనాల్లో 47 శాతంలో సీసం కనిపించింది. 2021 కల్లా సున్నా.

ఎలా చేశారో చూడండి. టీవీల్లో, పేపర్లలో వార్తలు వచ్చాయి, మార్కెట్లలో హెచ్చరిక పోస్టర్లు అంటించారు. ఆహార భద్రత సంస్థ వాళ్లు పరిశోధకులతో కలిసి, చేతిలో పట్టుకునే ఎక్స్-రే మెషిన్‌తో ఢాకా టోకు మార్కెట్‌కి వెళ్లారు. కొమ్ము మీద పెట్టి మీట నొక్కితే సీసం ఉందో లేదో అక్కడే తెరమీద కనిపిస్తుంది. శాంపిల్ ల్యాబ్‌కి పంపి నెల్లాళ్లు ఆగే పని లేదు, మధ్యలో ఎవరూ మార్చే వీలూ లేదు. ఇద్దరు టోకు వ్యాపారులకు అక్కడికక్కడే జరిమానా పడింది, అది వార్తల్లో వచ్చింది. చాలామంది వ్యాపారులకు అది విషమని అప్పటిదాకా తెలియనే తెలియదు. తర్వాత పరీక్షిస్తే మిల్లు కార్మికుల రక్తంలోనూ సీసం తగ్గింది. వేల మంది ఇన్‌స్పెక్టర్లతో జరిగిన పని కాదిది.

స్వేచ్ఛాజీవి:

ఇది నాకు తెలియదు, బాగుంది. అయితే ఇందులో జనానికి సమాచారం అందడం వల్లే పని జరిగింది, నేను మొదటి నుంచీ అంటున్నది అదే కదా. అదే పద్ధతిలో హోటళ్లకు గ్రేడు ఇచ్చి తలుపు మీద అంటించమనండి. లాస్ ఏంజెలెస్‌లో 1998 నుంచి ఉంది, డెన్మార్క్‌లో 2001 నుంచి నవ్వు బొమ్మలు పెడుతున్నారు. జనమే చూసుకుంటారు.

రెండోషిఫ్ట్:

బ్రదర్, ఆ గ్రేడు ఇచ్చేది ఎవరు? ఇన్‌స్పెక్టరే. ఎక్స్-రే మెషిన్ పట్టుకెళ్లింది కూడా సంస్థ మనుషులే. సమాచారం ఊరికే పుట్టదు, ఎవరో ఒకరు లోపలికి వెళ్లే అధికారం ఉంటేనే వస్తుంది. పైగా గ్రేడు అంటించడం ఇష్టమైతే చెయ్యండి అంటే ఎవరు దాస్తారో మనకు తెలుసు. వేల్స్‌లో 2013 నుంచి తప్పనిసరి చేశారు, ఇంగ్లండ్‌లో ఇష్టం, అక్కడ తక్కువ మార్కులొచ్చినవాళ్లు అంటించాల్సిన పని లేదు. లాస్ ఏంజెలెస్ విషయంలో కూడా గ్రేడుల వల్ల జబ్బులు తగ్గాయని మొదట ఒక పరిశోధన చెప్పింది, తర్వాత వేరేవాళ్లు అదే డేటా మళ్లీ చూసి అంత ఖాయంగా చెప్పలేమన్నారు.

ఇంకోటి, చిన్నవాళ్ల మీద పడే జోరు పెద్దవాళ్ల మీద ఉందా అన్నది జనం చూస్తారు. అమెరికాలో 2008-09లో వేరుశనగ ఉత్పత్తుల్లో సాల్మొనెల్లా వచ్చి తొమ్మిది మంది చనిపోయారు. సరుకులో క్రిములున్నాయని తెలిసే పంపిన కంపెనీ అధిపతికి 2015లో 28 ఏళ్ల జైలు పడింది. ఆ తీర్పు రోజు క్వాలిటీ పనిలో ఉన్నవాళ్లం చాలామంది ఒకరికొకరం మెసేజ్‌లు పెట్టుకున్నాం. మా మాట వినని బాసుకు చూపించడానికి మాకంటూ ఒక కాగితం దొరికింది. అదే ఘటన తర్వాత 2011లో వచ్చిన చట్టంతో గానీ సరుకు వెనక్కి తీసుకోమని కంపెనీని ఆదేశించే అధికారం ఎఫ్‌డీఏకి రాలేదు, అంతకుముందు పసిపిల్లల పాలపొడి లాంటివి తప్పిస్తే బతిమాలుకోవడమే.

నాగలి:

జైలు సంగతి బాగుంది గానీ, ఆ కంపెనీలో పనిచేసి విషయం ముందే బయటపెట్టినవాడికి ఉద్యోగం పోకుండా ఎవరు చూస్తారు? రెండోషిఫ్ట్ గారు కూడా పేరు చెప్పలేకపోతున్నారు కదా.

రెండోషిఫ్ట్:

అవును, అక్కడే ఉంది కిటుకంతా. 2011 చట్టంలో అలాంటివాళ్లకు రక్షణ రాశారు, చాలా దేశాల్లో అది కూడా లేదు. లోపల ఏం జరుగుతుందో ఇన్‌స్పెక్టర్ ఏడాదికి ఒకట్రెండు రోజులు చూస్తాడు, మేం రోజూ చూస్తాం. నన్నడిగితే ఏ దేశమైనా మొదట రాయాల్సిన రూల్ అది.

జాగ్రత్త_అమ్మ:

ఒక చిన్న సహాయం. ఏదైనా తిని తేడా చేసిందనుకోండి, ఫిర్యాదు చేస్తే "ఆధారం లేదు" అని తిప్పి పంపుతారని అందరూ అంటారు. ల్యాబ్‌లో ఉన్నారు కాబట్టి పిపెట్ గారూ, అసలు మీకు ఏం కావాలి, మేం ఏం దాచిపెట్టాలి?

పిపెట్:

మంచి ప్రశ్న అడిగారు. మిగిలిన తిండిని పారేయకండి, ఉన్న ప్యాకింగ్‌తోనే ఇంకో శుభ్రమైన కవర్‌లో పెట్టి మూతి కట్టి ఫ్రిజ్‌లో పెట్టండి, ఫ్రీజర్‌లో వద్దు, కొన్ని క్రిములు గడ్డకడితే చచ్చిపోతాయి, మాకు దొరకవు. ఇంట్లో పిల్లలు తీసి తినకుండా దాని మీద రాసి పెట్టండి. బ్యాచ్ నంబరు, తేదీ కనిపించేలా ఫోటో తీయండి, బిల్లు ఉంచండి. తిన్న టైమ్, వాంతులో విరేచనాలో మొదలైన టైమ్ రాసుకోండి, ఆ తేడాను బట్టి ఏ క్రిమి అయ్యుండొచ్చో మాకు సగం తెలిసిపోతుంది. తిన్న గంటల్లోనే వాంతులైతే ఒక దారి, రెండు మూడు రోజుల తర్వాత జ్వరంతో విరేచనాలైతే ఇంకో దారి. ఆ ఒక్క భోజనమే కాదు, అంతకుముందు మూడు నాలుగు రోజులు ఏం తిన్నారో కూడా. అన్నిటికంటే ముఖ్యం, విరేచనాలు తీవ్రంగా ఉంటే యాంటీబయాటిక్ మొదలెట్టకముందే మలపరీక్ష చేయించమని డాక్టర్‌ని అడగండి, మందు పడ్డాక క్రిమి దొరకడం కష్టం. తిండిలో దొరికిన క్రిమీ మనిషిలో దొరికిన క్రిమీ ఒకటే అని తేలితే "ఆధారం లేదు" అనే మాట ఎవరూ అనలేరు.

రొట్టెలబట్టీ:

ఇది కాపీ చేసుకుని షాపులో గోడకు అంటిస్తున్నా, పిపెట్ గారూ. మా ఫోన్ నంబరు కూడా కింద రాస్తాను, ముందు మాకే చెప్పండి, ఆ బ్యాచ్ అమ్మడం ఆపేస్తాం అని.